.308 బారెల్‌లో రాగి పేరుకుంది: అమ్మోనియా ఉన్న సాల్వెంటా, లేనిదా?

శాక్రమెంటో308

రైఫిల్ వివరాలు ముందే చెప్తాను. ఫ్యాక్టరీ బోల్ట్ యాక్షన్, .308 వించెస్టర్, 22 అంగుళాల క్రోమ్-మాలీ ఉక్కు బారెల్. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకి సీసం ఉన్న బుల్లెట్ వాడకూడదు కాబట్టి సీజన్‌లో బార్న్స్ టీటీఎస్ఎక్స్ 150 గ్రెయిన్ (సీసం లేని రాగి బుల్లెట్). రేంజ్‌లో ప్రాక్టీసుకి మామూలు ఎఫ్ఎమ్‌జే (సీసం మీద రాగి తొడుగు ఉన్న బుల్లెట్). రెండూ ఇదే బారెల్‌లోంచి పోతున్నాయి.

శుభ్రం చేసిన కొత్తలో 100 గజాల్లో గ్రూపు (టార్గెట్ మీద రంధ్రాలు పరుచుకున్న వెడల్పు) అంగుళం, అంగుళంపావు వస్తోంది. 60, 70 రౌండ్లు దాటేసరికి రెండంగుళాలు మించిపోతోంది. స్కోప్ రింగుల మరలు, యాక్షన్ మరలు టార్క్ రెంచ్‌తో చూశాను, సరిగానే ఉన్నాయి. మజిల్ (బారెల్ ముందు మూతి) దగ్గర టార్చి వేస్తే ల్యాండ్స్ మీద, అంటే రైఫ్లింగ్ అనే మెలి గాడుల మధ్య గట్ల మీద, నారింజ రంగు రాగి చారలు కనిపిస్తున్నాయి.

ఇప్పటిదాకా హాప్పీస్ నంబర్ 9 సాల్వెంట్, బ్రాంజ్ బ్రష్, ఇత్తడి జాగ్ (రాడ్ చివర ఉండి గుడ్డ ముక్కని, అంటే ప్యాచ్‌ని, తోసే ముక్క). ఎన్ని ప్యాచ్‌లు తోసినా చివరిదాకా లేత నీలం వస్తూనే ఉంటుంది, ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

నా ప్రశ్నలు:
1. స్వీట్స్ 7.62, బోర్ టెక్ ఎలిమినేటర్, వైప్-అవుట్ ఫోమ్: ఈ మూడింట్లో ఏది? ఉండేది అపార్ట్‌మెంట్, చిన్నపిల్లలున్న ఇల్లు.
2. అమ్మోనియా బారెల్‌ని తినేస్తుందన్నది నిజమేనా?
3. నవ్వకండి, ఇంట్లో రాగి చెంబులకి చింతపండు ఉండగా ఇన్ని సీసాలు ఎందుకని అడిగారు. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి వాడినవాళ్లు ఉన్నారని కూడా ఎక్కడో చదివాను. జవాబు తెలియక అడుగుతున్నా.

---

రాడ్_ప్యాచ్

మూడో ప్రశ్నతో మొదలుపెడతా, ఎందుకంటే బారెల్ పాడయ్యేది అక్కడే.

చింతపండు పులుపు చెంబు మీది కిలుముని కరిగిస్తుంది, కింద ఉన్న రాగిని కాదు. అందుకే చెంబు మెరుస్తుంది కానీ అరగదు. బారెల్‌లో మీకు కావలసింది దానికి సరిగ్గా తిరగబడ్డ పని: రాగి లోహం మొత్తం కరిగి పోవాలి, కింద ఉన్న ఉక్కు చెక్కుచెదరకూడదు. ఏ పులుపైనా రాగి కంటే ముందు ఉక్కునే పట్టుకుంటుంది. దానికి ఉప్పు తోడైతే గుంటలు పడతాయి. వెనిగర్, పెరాక్సైడ్ మిశ్రమం ఇంకా ప్రమాదం. అందులో పెరసిటిక్ ఆమ్లం తయారవుతుంది, ఉక్కుకి నిమిషాల్లో తుప్పు ఎక్కుతుంది, సీసం మురికి ఉంటే అది నీళ్లలో కరిగే విషంగా మారుతుంది. ఆ మాట ఇక్కడితో వదిలేయండి.

ఇప్పుడు సాల్వెంట్ సంగతి. ఏది కొనాలి అన్నదాని కంటే ముందు తేలాల్సింది, బారెల్‌లో ఉన్నది ఎంత రాగి, ఎంత మసి అని. బుల్లెట్ జాకెట్ సాధారణంగా గిల్డింగ్ మెటల్, అంటే సుమారు 95 శాతం రాగి, 5 శాతం జింకు. టీటీఎస్ఎక్స్ అయితే మొత్తం రాగే. ప్రతి రౌండుతోనూ కాస్త రాగి అంటుకుంటుంది, దాని మీద పౌడర్ మసి కాలి గట్టిపడుతుంది, మళ్లీ రాగి, మళ్లీ మసి. పొరలు పొరలుగా ఉంటుంది. చాలా రాగి సాల్వెంట్లకి మసి లొంగదు. పైన మసి పొర ఉండగా ఎంత ఖరీదైన రాగి సాల్వెంట్ పోసినా అది కింది రాగిదాకా చేరదు. చాలామంది "ఈ సీసా పనిచేయలేదు" అనేది ఇందుకే. ముందు మసి, తర్వాత రాగి, మళ్లీ మసి, మళ్లీ రాగి. ఇదే వరస.

రాగి సాల్వెంట్లు రెండు జాతులు.

అమ్మోనియా ఉన్నవి: స్వీట్స్ 7.62, బార్న్స్ సీఆర్-10 లాంటివి. అమ్మోనియా ఒక్కటే రాగిని కరిగించలేదు. గాలిలోని ఆక్సిజన్ రాగిని ఆక్సైడ్‌గా మారుస్తుంటే, అమ్మోనియా దాన్ని పట్టుకుని ముదురు నీలం రంగులో ద్రవంలోకి లాగుతుంది. కాబట్టి బారెల్‌కి ఒక చివర బిరడా పెట్టి సాల్వెంట్‌తో నింపేయడం వృథా. గాలి తగలని చోట పని నెమ్మదిస్తుంది. పలచటి తడి పొర, రెండు చివరలా గాలి, ఇదే వేగం. పని నిమిషాల్లో అవుతుంది, వాసన మాత్రం ఇల్లంతా.

అమ్మోనియా లేనివి: ఎలిమినేటర్, వైప్-అవుట్, కేజీ-12 వగైరా. వీటిలో చాలావాటిలో రాగిని పట్టుకునే వేరే రసాయనాలు ఉంటాయి. కొంచెం నిదానం, కానీ ఎక్కువసేపు వదిలేయొచ్చు. ఇక్కడ ఒక మెలిక: కేజీ-12 రాగిని కరిగించినా ప్యాచ్ నీలంగా మారదు. నీలం కోసం ఎదురుచూసేవాళ్లు అది పనిచేయలేదనుకుని పక్కన పడేస్తారు.

మీకు అపార్ట్‌మెంట్, పిల్లలు, నెలకోసారో రెండుసార్లో రేంజ్. ఎలిమినేటర్ మామూలు శుభ్రానికి (మసినీ ఇదే తీస్తుంది), వైప్-అవుట్ ఎప్పుడైనా బాగా పేరుకున్నప్పుడు. స్వీట్స్ మీకు అవసరం లేదు.

ఎలిమినేటర్‌తో వరస ఇలా:

చాంబర్ (రౌండు కూర్చునే చోటు) ఖాళీ అని కంటితో, వేలితో చూసుకుని బోల్ట్ తీసేయండి. గదిలో రౌండ్లు ఉండకూడదు. రైఫిల్‌ని స్టాండ్ మీద మజిల్ కాస్త కిందికి వంగేలా పెట్టండి, లేకపోతే ద్రవం వెనక్కి జారి ట్రిగ్గర్‌లోకి, స్టాక్ బెడ్డింగ్‌లోకి దిగుతుంది. బోల్ట్ ఉండే చోట బోర్ గైడ్ (రాడ్‌ని బోర్‌లోకి, అంటే బారెల్ రంధ్రంలోకి, నేరుగా నడిపే గొట్టం). ఒకే ముక్కగా ఉన్న, పూత ఉన్న లేదా కార్బన్ ఫైబర్ రాడ్. పిడికి బేరింగ్ ఉండాలి, రైఫ్లింగ్‌తోపాటు రాడ్ తిరగాలి. మరలతో కలిపే మూడు ముక్కల రాడ్ .308కి వద్దు. అది లోపల వంగి, కీలు దగ్గర ల్యాండ్స్‌ని గీస్తుంది.

రెండు తడి ప్యాచ్‌లు వెనక నుంచి ముందుకి. మజిల్ దాటగానే ప్యాచ్ పడిపోవాలి, దాన్ని వెనక్కి లాగొద్దు, లాగితే ఊడిన మురికి అంతా మళ్లీ లోపలికి, క్రౌన్ (మజిల్ అంచు) మీదికి వస్తుంది. తర్వాత నైలాన్ బ్రష్‌ని తడిపి పది సార్లు పూర్తిగా అవతలికి, పూర్తిగా ఇవతలికి. మధ్యలో దిశ మార్చొద్దు. బ్రష్‌ని సీసాలో ముంచకండి, సీసా మూతతోనో డ్రాపర్‌తోనో దాని మీద పోయండి. ముంచితే మిగతా సీసా అంతా మురికే. 10 నిమిషాలు ఆగండి. మూడు ప్యాచ్‌లు తోసి చూడండి. మొదటి రెండు విడతల్లో నల్లగా వస్తుంది, అది మసి. మూడో విడత నుంచి నీలం, నీలంపచ్చ మొదలవుతుంది, అప్పుడు రాగిని తాకినట్టు. పేరుకున్న ఫ్యాక్టరీ బారెల్‌కి నాలుగైదు విడతలు పట్టడం మామూలే.

అయ్యాక మూడు పొడి ప్యాచ్‌లు, ఒక ప్యాచ్ 91 శాతం ఐసోప్రోపైల్ ఆల్కహాల్, మళ్లీ పొడి ప్యాచ్, ఆఖరున పలచగా నూనె. చాంబర్‌ని విడిగా తుడవండి, అక్కడ సాల్వెంట్ మిగలకూడదు. రేంజ్‌కి వెళ్లేముందు ఆ నూనెని పొడి ప్యాచ్‌తో తీసేయాలి.

ఇక ఇత్తడి జాగ్. మీ ఆగని నీలానికి సగం కారణం అదే అయ్యుండాలి. ఇత్తడిలో రాగి ఉంది కదా, సాల్వెంట్ దాన్నీ కరిగిస్తుంది. బ్రాంజ్ బ్రష్‌ది కూడా ఇదే కథ. పరీక్ష తేలిక: బారెల్ జోలికి పోకుండా తడి ప్యాచ్‌ని జాగ్‌కి చుట్టి ఐదు నిమిషాలు బల్ల మీద పెట్టండి. నీలం తిరిగితే అది మీ జాగ్ రంగు, బారెల్‌ది కాదు.

---

నూరుగజాలు

పైన చెప్పిందాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను. స్వీట్స్‌ని మాత్రం అంత తేలిగ్గా తీసేయడం న్యాయం కాదు.

అమ్మోనియా బారెల్‌ని తింటుందా అన్నారు. ఉక్కుతో అమ్మోనియాకి పెద్ద గొడవ లేదు, క్రోమ్-మాలీ అయినా 416ఆర్ స్టెయిన్‌లెస్ అయినా. గొడవ మరిచిపోవడంతో. స్వీట్స్‌లో ఉన్నది 5 శాతం అమ్మోనియా, మిగతాదాంట్లో నీరు ఉంది. అరగంట, గంట వదిలేస్తే అమ్మోనియా ఎగిరిపోతుంది, నీరు, లవణాలు మిగులుతాయి, తడి ఆరేచోట తుప్పు మొదలవుతుంది. సీసా మీదే 15 నిమిషాలకి మించి ఉంచొద్దని ఉంటుంది. ఫోన్‌లో 10 నిమిషాలకి అలారం పెట్టుకుని వాడేవాళ్ల బారెల్స్‌కి ఏమీ కావు. "తర్వాత చూద్దాంలే" అని భోజనానికి లేచేవాళ్లకే అవుతుంది.

వాడే పద్ధతి: ముందు మసి సాల్వెంట్‌తో మసి తీసి, దాన్ని ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, ఆరాకే స్వీట్స్. రెండు సాల్వెంట్లు బారెల్‌లో కలవకూడదు, ఏది దేంతో ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా చెప్పలేం. ఒక తడి ప్యాచ్‌ని నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఆడిస్తే నురగ వస్తుంది (ఈ ఒక్క దశకే వెనక్కి లాగడం). 8, 10 నిమిషాలు. పొడి ప్యాచ్. ముదురు నీలం వస్తే ఇంకో విడత. అది లేతబడేదాకా. చివర ఆల్కహాల్, పొడి, నూనె. ఒక్క దశా దాటవేయొద్దు.

అమ్మోనియాతో మూడు జాగ్రత్తలు, ఎవరూ సరిగా రాయరు:

మూత తెరిచి ఉంచితే బలం పోతుంది. సీసా కొని చాలాకాలమై, మూత తీసినప్పుడు ముక్కు అదరకపోతే దాంట్లో పని చేసేది పెద్దగా మిగల్లేదని అర్థం.

స్టాక్ మీద చుక్క పడితే వెంటనే తుడవాలి, చెక్క పాలిష్‌ని లేపేస్తుంది. నికెల్ పూత ఉన్న భాగాలకి కూడా దూరం, చాలా పూతల కింద రాగి పొర ఉంటుంది, గీతలోంచి లోపలికి దిగితే పూత పెచ్చులు లేస్తుంది.

బాత్రూమ్‌లో పెట్టుకుని చేయొద్దు. అక్కడ బ్లీచ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ ఉంటుంది. అమ్మోనియా, బ్లీచ్ కలిస్తే క్లోరమైన్ ఆవిరి, ఊపిరితిత్తులకి దెబ్బ. నీలం ప్యాచ్‌లు పడేసే చెత్తబుట్టలో బ్లీచ్‌తో తుడిచిన గుడ్డ ఉన్నా అంతే.

ఇంకోటి, రౌండ్లు ఆ గదిలోనే ఉండకూడదని పైన భద్రత కోసం చెప్పారు, దానికి లోహం వైపు నుంచి ఇంకో కారణం ఉంది. బ్రిటిష్ ఇండియాలో వానాకాలంలో సైన్యం కదలికలు తగ్గినప్పుడు తూటాలని గుర్రపుశాలల్లో నిల్వ ఉంచేవారు. వానలు తగ్గాక చూస్తే ఇత్తడి కేసులు నెర్రెలిచ్చి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, సాగదీసిన ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి, రెండూ కలిసి పగుళ్లు తెస్తున్నాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ తేల్చారు. దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు. ఒక సాయంత్రం వాసనకి మీ డబ్బా పాడైపోదు కానీ, మూత వదులైన సీసాని రౌండ్లున్న అలమరలోనే నెలల తరబడి ఉంచడం మాత్రం అదే ప్రయోగాన్ని మళ్లీ చేయడం.

---

శాక్రమెంటో308

ఇద్దరికీ థాంక్స్ అండి. జాగ్ పరీక్ష చేశాను, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, ప్యాచ్ లోపలివైపు జాగ్ గాడులు గాడులుగా నీలం అచ్చు పడింది. కాబట్టి జాగ్ మారుస్తున్నా.

ఎలిమినేటర్ తెప్పిస్తున్నా. రెండు సందేహాలు. ఫోమ్ ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, ఎక్కడిదాకా తీయాలి? ఒక్క చార కూడా లేకుండానా?

---

బెంచ్‌రెస్ట్_బాబాయ్

ఎక్కడిదాకా అన్నదే అసలు ప్రశ్న, బాబూ. మిగతా అంతా సీసాల గొడవ.

రాగి ఉండటం తప్పు కాదు. గ్రూపు పాడవటం తప్పు. చేత్తో ల్యాప్ చేసిన (లోపల నునుపు పట్టిన) క్రీగర్, బార్ట్‌లైన్ లాంటి బారెల్స్‌లో రాగి చాలా తక్కువ పడుతుంది. ఫ్యాక్టరీ బారెల్‌లో రీమర్, డ్రిల్ గీసిన గీతలు బోర్‌కి అడ్డంగా ఉంటాయి, ఆ గీతలే ఆకురాయిలా జాకెట్‌ని గీకుతాయి. ప్రతిసారీ ఆ గీతల్లోని రాగిని తోడేస్తే, తర్వాతి రౌండ్లు మళ్లీ అదే గీతలు నింపాలి. నింపేదాకా గ్రూపు నిలవదు, మొదటి బుల్లెట్లు వేరేచోట పడతాయి. పూర్తిగా శుభ్రం చేసిన ఫ్యాక్టరీ .308 సర్దుకోవడానికి మూడు నుంచి పది రౌండ్లు తీసుకోవడం మామూలు. వేటకి అది ముఖ్యం: మెరిసే బారెల్‌తో మొదటి రౌండు జింక మీద వేయకూడదు. పేపర్ మీద సర్దుకున్నాకే బయల్దేరాలి.

నీ రైఫిల్ 60 రౌండ్లకి విప్పుకుంటోంది కాబట్టి లెక్క తేలిపోయింది. 45, 50 దగ్గర శుభ్రం చెయ్. మసి పూర్తిగా, రాగి చాలావరకు. ల్యాండ్స్ మీద అంచుల్లో సన్నటి చార మిగిలితే మిగలనీ. ఏడాదికోసారి, సీజన్ అయ్యాక, లోహం కనిపించేదాకా తియ్.

మజిల్ దగ్గర టార్చి వేస్తే కనిపించేది చివరి అంగుళం, రెండంగుళాలే. దానికంటే ముఖ్యమైంది రెండో చివర, చాంబర్ ముందు. అక్కడ మసి ఒక కట్టులా గట్టిపడుతుంది. అది ముదిరితే కేసు మూతి నొక్కుకుని ప్రెషర్ పెరుగుతుంది, బోల్ట్ ఎత్తడం బరువవుతుంది. దానికి రాగి సాల్వెంట్ ఎంత పోసినా దండగ. బోర్ టెక్ సీ4 లాంటి మసి సాల్వెంట్ తడిపిన బ్రష్‌ని చాంబర్ ముందు రెండు మూడు అంగుళాల్లోనే తిప్పాలి. రాడ్‌ని తోయడం కాదు, తిప్పడం. చౌకలో వచ్చే టెస్లాంగ్ బోర్‌స్కోప్ (బారెల్ లోపల చూపే కెమెరా) ఒకటి కొనుక్కుంటే ఈ వాదనలు సగం తగ్గుతాయి: నారింజ రంగు రాగి, నల్లటి మెరుపు మసి, బూడిద రంగు ఉక్కు. కానీ బోర్‌స్కోప్ కొన్న మొదటి నెల ప్రతివాడికీ తన బారెల్ నాశనమైందనిపిస్తుంది. కొత్త ఫ్యాక్టరీ బారెల్ లోపల చూసినా అలాగే ఉంటుంది. నీ నిర్ణయం టార్గెట్ చెప్పాలి, తెర కాదు.

ఎఫ్ఎమ్‌జే, టీటీఎస్ఎక్స్ రెండూ కలిపి కాల్చడం మీద: టీటీఎస్ఎక్స్‌కి ఒంటి మీద గాడులున్నాయి, బారెల్‌ని రాసే భాగం తగ్గించడానికే అవి. అయినా ఒక రకం రాగి మీద ఇంకో రకం వేస్తే కొన్ని బారెల్స్ అలుగుతాయి. ఎఫ్ఎమ్‌జే వదిలిన రాగి ఉండగానే టీటీఎస్ఎక్స్‌తో జీరో (స్కోప్ గురి) చూసుకుని, "బార్న్స్ బుల్లెట్ బాగోలేదు" అనకు. సీజన్‌కి ముందు శుభ్రం చేసి, టీటీఎస్ఎక్స్ మాత్రమే పది రౌండ్లు వేసి, అప్పుడు జీరో చూసుకో. సీజన్ అయ్యేదాకా ఎఫ్ఎమ్‌జే ముట్టుకోకు.

---

రాడ్_ప్యాచ్

ఫోమ్ గురించి.

వైప్-అవుట్‌ని వెనక నుంచి, బోర్ గైడ్ పెట్టి, దాని గొట్టంతో కొట్టండి. సెకను కూడా నొక్కక్కర్లేదు. మజిల్ దగ్గర తెల్లగా కనబడగానే వదిలేయండి, ఇంకా ఉబ్బుతుంది. ఎక్కువ నొక్కితే వెనక్కి పొంగి బోల్ట్ లగ్ గాడుల్లోకి, ట్రిగ్గర్‌లోకి వెళ్తుంది, అక్కడ ఎండితే ట్రిగ్గర్ జిగటగా మారుతుంది. మజిల్ కింద పాత పేపర్ పరవండి, నీలం, గోధుమ రంగు ద్రవం కారుతుంది. మరకలు పోవు.

మసి ఎక్కువ ఉంటే ఫోమ్‌కి ముందు రెండు ప్యాచ్‌లు మసి సాల్వెంట్‌తో తోసి, ఆల్కహాల్‌తో ఆరబెట్టండి. ఫోమ్ అరగంట ఉంచి ప్యాచ్ తోసి చూడండి. బాగా నీలం వస్తే రెండో విడత కొట్టి పొద్దున దాకా వదిలేయొచ్చు, ఇందులో అమ్మోనియా లేదు కాబట్టి. అలా వదిలేసే పని స్వీట్స్‌తో ఎన్నటికీ చేయొద్దు. ఫోమ్ సీసా, స్వీట్స్ సీసా పక్కపక్కన పెట్టుకునే ఇళ్లలో జరిగే తప్పు అదే.

సెమీ ఆటో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: ఫోమ్ గ్యాస్ పోర్టు (బారెల్‌లో గ్యాస్ బయటికి పోయే చిన్న రంధ్రం) లోంచి గ్యాస్ ట్యూబులోకి ఎక్కుతుంది. రైఫిల్‌ని గ్యాస్ పోర్టు పైకి ఉండేలా తిప్పి పెట్టి, తక్కువ ఫోమ్ వాడాలి. లేదా ప్యాచ్‌ల పద్ధతికే ఉండిపోవాలి.

---

గచ్చిబౌలి22

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. మాది .22 ఎల్ఆర్, 50 మీటర్లు, మ్యాచ్ రౌండ్లు. మా దగ్గర కూడా ఇద్దరు ముగ్గురు అమెరికా నుంచి రాగి సాల్వెంట్లు తెప్పించుకుంటున్నరు. మాకు అవసరమా అన్నా? ఎయిర్ రైఫిల్‌కి కూడా వాడొచ్చా?

---

నూరుగజాలు

మ్యాచ్ .22 బుల్లెట్ ఒట్టి సీసం, పైన మైనం లాంటి లూబ్రికెంట్. రాగే లేనప్పుడు రాగి సాల్వెంట్‌కి పనేముంది తమ్ముడూ? మీకు పేరుకునేది చాంబర్ ముందు మసి కట్టు, కొద్దిగా సీసం. మసి సాల్వెంట్, నైలాన్ బ్రష్, ఫెల్ట్ ప్యాచ్ చాలు. శుభ్రం చేశాక లూబ్రికెంట్ పొర మళ్లీ కుదురుకునేదాకా కొన్ని సైటర్లు (స్కోరులోకి రాని పరీక్ష రౌండ్లు) ఎక్కువ వేసుకోవాలి, మ్యాచ్ రోజు పొద్దున శుభ్రం చేయకండి. రాగి పూత ఉన్న హంటింగ్ .22 రౌండ్లు వాడినా ఆ పూత చాలా పలచన, మసి సాల్వెంట్‌తోనే అయిపోతుంది.

ఎయిర్ రైఫిల్‌లోకి ఏ సాల్వెంటూ వద్దు. ఓ-రింగులు, సీళ్లు ఉబ్బిపోతాయి. పొడి ఫెల్ట్ పెల్లెట్లు, అంతే.

---

శాక్రమెంటో308

ఎలిమినేటర్ వచ్చింది. నికెల్ పూత జాగ్, నైలాన్ బ్రష్‌తో చేశాను. మొదటి విడత ప్యాచ్‌లు తారులా నల్లగా. రెండో విడత బూడిద రంగు. మూడో దానికి ప్యాచ్ మీద ల్యాండ్స్ ఆకారంలోనే నాలుగు పచ్చనీలం గీతలు, మెలి తిరిగి. ఐదో విడతకి దాదాపు తెలుపు. మజిల్ దగ్గర ఒక ల్యాండ్ మీద ఇంకా సన్నటి చార ఉంది, బాబాయ్ గారు చెప్పినట్టు వదిలేశా. చాంబర్ ముందు సీ4తో తిప్పితే మళ్లీ నల్లగా వచ్చింది.

ఒక్కటి: ఆఖరి పొడి ప్యాచ్ రెండు మడతలు పెట్టి తోస్తే సగంలో ఇరుక్కుంది. బలంగా తోసి బయటికి పంపాను. అలా చేయొచ్చా? ఇంకా మొండి రాగి మిగిలితే జె-బి పేస్ట్ వాడమంటున్నారు కొందరు.

---

బెంచ్‌రెస్ట్_బాబాయ్

ఇరుక్కున్నదాన్ని ముందుకి బలంగా తోస్తే రాడ్ విల్లులా వంగి ల్యాండ్స్‌ని రాస్తుంది. ఇంకోసారి జరిగితే, వెనక నుంచి కాస్త పలచటి నూనె పోసి పావుగంట ఆగు. మజిల్‌కి గైడ్ పెట్టి, మొద్దు చివర ఉన్న రాడ్‌తో వచ్చిన దారినే వెనక్కి నెట్టు. రౌండు పెట్టి పేల్చి బయటికి పంపుదామనే ఆలోచన మనసులోకి కూడా రానీయకు, బారెల్ చీలుతుంది, మొహం మీదికి వస్తుంది. .30 జాగ్‌కి 1¾ అంగుళాల చదరం ప్యాచ్ ఒక్కటి చాలు. తోస్తున్నప్పుడు చేతికి బిగువు తెలియాలి, భుజం వాడాల్సి రాకూడదు.

జె-బి అంటే మెత్తటి పాలిష్ పేస్ట్. రసాయనం కాదు, అరగదీతే. అయిదు విడతల ఎలిమినేటర్‌కే ప్యాచ్ దాదాపు తెల్లబడినవాడికి దాని అవసరం లేదు. నిజంగా కావాల్సొస్తే: అరిగిన బ్రష్‌కి ప్యాచ్ చుట్టి, పల్చగా పేస్ట్ పూసి, చార ఉన్న చోటే చిన్న చిన్న కదలికలతో ఇరవై సార్లు. మజిల్ దాటి బయటికి తీసుకెళ్లి మళ్లీ లోపలికి లాగొద్దు, క్రౌన్ గుండ్రబడుతుంది. తర్వాత సాల్వెంట్‌తో పేస్ట్ నలుసు కూడా మిగలకుండా కడగాలి. ఏడాదికి ఒకసారికి మించి వాడాల్సొస్తోందంటే తప్పు సాల్వెంట్‌ది కాదు, బారెల్ గరుకుది.

రౌండ్లు ఇంట్లో లోడ్ చేసే అలవాటుంటే, రాగి తగ్గించే పదార్థం కలిపిన సీఎఫ్ఈ 223 పౌడర్ .308కి సరిపోతుంది. పాత రాగిని అది తీసేయదు, కొత్తది పేరుకోవడం నెమ్మదిస్తుంది. హాడ్జ్‌డన్ లోడ్ పట్టికలో నీ బుల్లెట్ బరువుకి ఇచ్చిన మొదటి అంకె నుంచే మొదలుపెట్టు, వేరే పౌడర్ లెక్కని దీనికి అంటించకు.

---

రాడ్_ప్యాచ్

నీలం గీతలు ల్యాండ్స్ ఆకారంలో వచ్చాయంటే ఈసారి రంగు బారెల్‌దే, జాగ్‌ది కాదు. జాగ్ అయితే దాని గాడుల అచ్చు అడ్డంగా పడేది.

వాడేసిన ప్యాచ్‌ల్లో రాగితోపాటు ఎఫ్ఎమ్‌జే రౌండు ప్రైమర్ (వెనక ఉండి మందుని అంటించే ముక్క) నుంచి వచ్చిన సీసం కూడా ఉంటుంది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, ప్యాచ్‌లన్నీ ఒక జిప్ కవరులో మూసి, పిల్లలకి అందనిచోట ఉంచి, మీ కౌంటీ వాళ్లు ప్రమాదకర చెత్త తీసుకునే రోజున ఇచ్చేయండి. చేతులు ముందు చల్లటి నీళ్లు, సబ్బుతో కడుక్కోండి.

వచ్చేసారి రేంజ్‌లో మొదటి ఐదు రౌండ్లు ఒక కాగితం మీద, తర్వాత ప్రతి పది రౌండ్లకి ఒక ఐదు రౌండ్ల గ్రూపు, అన్నీ రౌండు సంఖ్య వేసి దాచండి. మీ బారెల్ ఎన్నో రౌండుకి కుదురుకుంటుందో, ఎన్నో రౌండుకి విప్పుకుంటుందో రెండు అంకెలూ దాంట్లోనే దొరుకుతాయి.